ఆయన దొర, ఆమె వ్యాంపు

మొన్న చలికాలంలో హబ్సిగూడలో కొందరు మిత్రులు మూడు ఆదివారాలు వరసగా పాత రక్తపిశాచి సినిమాలు వేశారు. 1922 నాటి మూకీ ‘నొస్ఫెరాటు’, 1931లో బేలా లుగోసీ నటించిన ‘డ్రాక్యులా’, 1958లో క్రిస్టఫర్ లీ నటించిన ‘డ్రాక్యులా’. మా నాచారానికి దగ్గరే కాబట్టి మూడింటికీ వెళ్ళాను. ముప్ఫై మంది దాకా వచ్చేవాళ్ళు. అందులో ఆడవాళ్ళం ఐదారుగురం. చివరి రోజు చర్చ పెట్టారు. నిర్వాహకుల్లో ఒకాయన బాగా చదువుకున్న మనిషి. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: విక్టోరియా రాణి కాలంలో స్త్రీకి శరీరం ఉందనే సమాజం ఒప్పుకోలేదు, డ్రాక్యులా వచ్చి ఆ శరీరాన్ని మేల్కొలిపాడు, అందుకే ఈ సినిమాలు ఇన్నేళ్ళయినా చావలేదు, అసలు స్త్రీవాదులు డ్రాక్యులాకి కృతజ్ఞత చెప్పుకోవాలి. అందరూ నవ్వారు. నేను లేచి, “ఈ మూడు సినిమాల్లో ఆడవాళ్ళు ఎంతమంది చచ్చారో, ఎలా చచ్చారో ఎవరైనా లెక్కపెట్టారా?” అని అడిగాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. “హారర్ సినిమాలో చావులు లెక్కపెడతారా మేడమ్? ప్రతిదాంట్లో స్త్రీవాదం వెతక్కండి” అన్నారాయన. ఇంతలో టీలు వచ్చాయి. చర్చ అయిపోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క రాసుకున్నాను. ఈ వ్యాసం ఆ లెక్కే.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నాకు ఈ సినిమాలంటే ఇష్టం. 1991 వేసవిలో, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, మల్కాజిగిరిలో మేం అద్దెకున్న ఇంటి మేడ మీద నాలుగు కుటుంబాలు చందాలేసుకుని ఒక రాత్రికి వీసీఆర్ తెచ్చారు. మూడు క్యాసెట్లు. మొదట విఠలాచార్య ‘జగన్మోహిని’, తర్వాత రామ్సే సోదరుల ‘పురానా మందిర్’, మూడోది షాపువాడు “ఇంగ్లీషు దయ్యం సినిమా” అని అంటగట్టిన క్రిస్టఫర్ లీ ‘డ్రాక్యులా’. మూడోదానికి పెద్దవాళ్ళంతా నిద్రపోయారు. మాటలు అర్థం కాకపోయినా నేను ఒక్కదాన్నే కళ్ళప్పగించి చూశాను. అందులో లూసీ అనే అమ్మాయి, ఇంట్లోవాళ్ళంతా వెళ్ళాక, తోటవైపు తలుపు తెరిచి, మెళ్ళో శిలువ తీసి పక్కన పెట్టి, మంచం మీద పడుకుని తలుపు వంకే చూస్తూ ఉంటుంది. మా ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే వీధివైపు కిటికీ మూసేవాళ్ళు. కిటికీ దగ్గర ఆడపిల్ల కనిపించిందంటే దానికి ఏదో అర్థం ఉన్నట్టే. అట్లాంటి నాకు, ఒక ఆడపిల్ల తన చేత్తో తను తలుపు తెరవడం పెద్ద సాహసంగా కనపడింది. వచ్చేవాడెవడన్నది నాకు ముఖ్యం కాలేదు. తలుపు తెరుచుకోవడమే ముఖ్యమైంది.

ఈ సినిమాల ఆకర్షణ ఎక్కడుందని అడిగితే ఇప్పటికీ నా జవాబు అదే. ఆ తలుపు దగ్గరే ఉంది. తేడా ఏమిటంటే, హబ్సిగూడ మిత్రుడు ఆ తలుపు తెరిచిన ఘనత డ్రాక్యులాకి ఇస్తున్నాడు. తెరిచింది లూసీ.

ఇంతకీ డ్రాక్యులా ఎవరు? ఊరికి దూరంగా, ఎత్తు మీద, రాతి కోటలో ఉంటాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయనవే. పొద్దుగూకితే జనం తలుపులు బిడాయించుకుంటారు. ఆయన పేరెత్తితే గొంతు తగ్గిస్తారు. కోటలో ఆడవాళ్ళుంటారు, వాళ్ళు పెళ్ళాలో పనిమనుషులో ఎవరికీ తెలియదు. ఆయన ఏ ఇంటి ఆడపిల్ల మీద కన్నేస్తే ఆ పిల్ల ఆయనది. తెలంగాణలో పుట్టినవాళ్ళకి ఇదంతా ఇంగ్లీషు నవల చదివితే తప్ప తెలియని సంగతా? మనకది గడీ. ఆయన దొర. కోటలో ఉన్న ఆ పేరులేని ఆడవాళ్ళు ఆడబాపలు. పెళ్ళయి వెళ్ళే దొర బిడ్డతో పాటు సారెలో వస్తువులాగా పంపబడి, గడీలో మగవాళ్ళందరి అవసరాలకూ బతుకు ఇచ్చుకున్న ఆడపిల్లలు. రక్తం తాగడమనే మాట మన పల్లెల్లో దొర గురించే అన్నారు. మార్క్స్ కూడా పెట్టుబడి గురించి చెప్పడానికి ఈ రక్తపిశాచినే తెచ్చుకున్నాడు, బ్రతికున్న శ్రమని పీల్చి బతుకుతుందని. 1946 నుంచి 1951 దాకా ఇక్కడి రైతులు, ఆడవాళ్ళు గడీల మీదికి వెళ్ళింది అందులో ఉన్నవాడి కళ్ళు అందంగా ఉన్నాయని కాదు కదా.

అదే మనిషికి నల్లటి అంగరఖా తొడిగి, ఎర్రటి లైనింగు వేసి, ఆరడుగుల పైచిలుకు క్రిస్టఫర్ లీని మెట్ల మీద నిలబెడితే దొర కాస్తా ప్రేమికుడైపోయాడు. ఆయన చేసే పనిలో ఏ మార్పూ లేదు. అడగకుండా వస్తాడు, పట్టుకుంటాడు, పీలుస్తాడు, వదిలేస్తాడు. దాన్ని ‘మేల్కొలపడం’ అన్నవాళ్ళు గడీలో ఆడబాపలు కూడా మేల్కొన్నారని రాస్తారా?

ఇక చావుల లెక్క. ‘నొస్ఫెరాటు’లో ఎలెన్ అనే ఇల్లాలు ఊరిని కాపాడటానికి తెల్లవారేదాకా పిశాచానికి తన రక్తం ఇచ్చి చనిపోతుంది. త్యాగం. మనకు బాగా అలవాటైన మాట. 1931 సినిమాలో లూసీ చనిపోయి పిశాచమవుతుంది, పిల్లల్ని పట్టుకుంటోందని వార్త వస్తుంది. ఆ తర్వాత ఆమె ఏమైందో చూపించడం కూడా ఆ సినిమా మర్చిపోయింది.

1958 సినిమాని కొంచెం ఆగి చూడాలి. హార్కర్ అనేవాడు డ్రాక్యులాను చంపడానికే కోటకు వస్తాడు. నేలమాళిగలో రెండు శవపేటికలుంటాయి. ఒకదాంట్లో డ్రాక్యులా, ఇంకోదాంట్లో ఆయన బంధించి పెట్టిన ఆడమనిషి. పొద్దు వాలుతోంది. కొయ్యమేకు, సుత్తి చేతిలో ఉన్నాయి. ఎవరిని ముందు చంపాలి? హార్కర్ ఆడమనిషి దగ్గరికి వెళ్తాడు. ఆమె గుండెలో మేకు దిగుతుంది, ఆమె ముసలిదైపోతుంది, ఈలోగా పొద్దుగూకుతుంది, దొర లేచి వస్తాడు. దీన్ని కథలో తెలివితక్కువతనం అని సినిమా అభిమానులు నవ్వుతారు. నాకు తెలివితక్కువతనం కనపడలేదు. అలవాటు కనపడింది. దొర మీద కోపం వచ్చినప్పుడు చెయ్యి ముందు ఆడదాని మీదికే లేస్తుంది. తర్వాత హార్కర్ కూడా పిశాచమవుతాడు. అతణ్ణి చంపే ముందు కెమెరా మర్యాదగా తప్పుకుంటుంది. లూసీని చంపేటప్పుడు మాత్రం తప్పుకోదు. అన్న చూస్తుండగా ఆమె గుండెల్లో దిగిన మేకు, ఆ నెత్తురు, ఆ కేక అన్నీ చూపిస్తుంది. చచ్చాక ఆమె మొహంలో ప్రశాంతత వచ్చిందని మనకు చూపించి ఊరడిస్తుంది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలోనైతే ఆ మేకు దించేది లూసీని పెళ్ళాడవలసినవాడే.

1966లో వచ్చిన తర్వాతి సినిమాలో హెలెన్ అనే ఇల్లాలుంది. ఆ కోటకు వెళ్ళొద్దని మొదటినుంచీ మొత్తుకునేది ఆమే. ఎవరూ వినరు. ఆఖరికి పిశాచమయ్యేదీ ఆమే. మఠంలో సన్యాసులంతా కలిసి ఆమెను బల్ల మీద పడేసి, చేతులూ కాళ్ళూ పట్టుకుని, గుండెలో మేకు దించుతారు. బార్బరా షెల్లీ ఆ పాత్ర వేసింది. ఆమె గింజుకోవడం చూశాక అది దయ్యాన్ని వదిలించడమని నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది ఏమిటో చూసే ప్రతి ఆడదానికీ తెలుస్తుంది. కొద్దిసేపట్లో ఆ మాటకే వస్తాను.

దొర మాత్రం చావడు. 1958లో సూర్యకాంతికి బూడిదయ్యాడు. 1966లో లేచాడు. 1968లో మళ్ళీ లేచాడు. 1973 దాకా ఆ ఒక్క హేమర్ కంపెనీకే క్రిస్టఫర్ లీ ఏడుసార్లు డ్రాక్యులా అయ్యాడు. ఒక్క లూసీ లేవలేదు. ఒక్క హెలెన్ లేవలేదు. లీకి 2009లో సర్ బిరుదు వచ్చింది, 2015లో తొంభై మూడేళ్ళకు పోయేదాకా నటిస్తూనే ఉన్నాడు. మంచిదే, ఆయన గొప్ప నటుడు. బేలా లుగోసీ ఆ పాత్రలో ఇరుక్కుపోయి చితికిపోయాడు, 1956లో చనిపోతే ఆ అంగరఖాతోనే పూడ్చారు. అది విషాదమే, కానీ ఆ విషాదం కూడా ఒక పురాణమై మిగిలింది. అదే 1931 సినిమాలో మినాగా నటించిన హెలెన్ చాండ్లర్ తాగుడుకు బలై, 1950లో ఇంట్లో మంటల్లో కాలి, 1965లో పోయింది. ఆమె పేరు హబ్సిగూడ చర్చలో ఒక్కసారి కూడా రాలేదు.

ఆడ పిశాచాలకు స్టార్లు లేరా అని అడగొచ్చు. ఉన్నారు. వాళ్ళకి దొరికింది వేరే పేరు. స్టోకర్ నవల వచ్చిన 1897లోనే కిప్లింగ్ మగవాణ్ణి పీల్చిపారేసే ఆడదాని మీద ‘ది వేంపైర్’ అనే పద్యం రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని ఒక నాటకం, దాన్నుంచి 1915లో ఒక సినిమా వచ్చాయి. అందులో నటించిన థెడా బారా అసలు పేరు థియొడోసియా గుడ్‌మన్. సిన్సినాటి ఊళ్ళో ఒక దర్జీ కూతురు. కంపెనీవాళ్ళు ఆమె ఈజిప్టులో పుట్టిందని ప్రచారం చేశారు, పుర్రెల పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఆమె వల్లే వేంపైర్ అనే మాట సగానికి తెగి ‘వ్యాంప్’ అయింది. ఆమె నటించిన నలభై పైగా సినిమాల్లో చాలాభాగం 1937లో గిడ్డంగి తగలబడి బూడిదైపోయాయి. సినిమాలు పోయాయి. తిట్టు మిగిలింది.

ఆ తిట్టు సముద్రాలు దాటి మన సినిమా పత్రికల్లోకి వచ్చింది. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మిత, వీళ్ళ గురించి రాసేటప్పుడు ‘వ్యాంపు పాత్రలు’ అని ఎంత మామూలుగా రాశారో చూడండి. మగవాడు చెడ్డవాడైతే ‘ప్రతినాయకుడు’. సంస్కృతం. గౌరవం. మా నాచారంలోనే ఎన్టీ రామారావు రామకృష్ణా స్టూడియో పెట్టారు. 1977లో వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో కృష్ణుడూ, కర్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే. ఆ దుర్యోధనుడికి రాజసం ఉంది, పేజీలకొద్దీ డైలాగులున్నాయి, భానుమతితో యుగళగీతం కూడా ఉంది. దుష్టుడైనా సరే, మగవాడికి వ్యక్తిత్వం ఇవ్వాలని మనకు తెలుసు. ఆడదానికి ఆ తెలివి పనిచెయ్యదు. ఏలూరు పక్క కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి వందల సినిమాల్లో మన రాత్రుల్ని వెలిగించి, 1996లో మద్రాసులో ముప్ఫై అయిదేళ్ళకు ఉరిపోసుకుని పోయింది. ఆ వెలుగు మీద డబ్బు చేసుకున్నవాళ్ళెవరు? ఎవరు ఎవరి రక్తం తాగారు? అయినా వ్యాంపు ఆమే.

‘జగన్మోహిని’ దగ్గరికి వస్తాను. 1978లో వచ్చిన ఆ సినిమాలో జయమాలిని వేసిన మోహిని గతంలో మోసపోయిన ఆడది. మోసం చేసినవాడికోసమే తిరిగొస్తుంది. మోసం చేసినవాడికి కథలో పెద్ద శిక్షేమీ లేదు. అతని తరఫున పోరాడేది అతని భార్య. భక్తురాలు. మోసపోయిన ఆడదాన్ని, పతివ్రత చేత ఓడించి, మధ్యలో మగవాణ్ణి భద్రంగా కూర్చోబెట్టే ఏర్పాటు ఇది. కానీ ఆ సినిమాలో ఎవరూ మర్చిపోని దృశ్యం వేరే ఉంది. దయ్యం వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. మేడ మీద పిల్లలమంతా కేకలు పెట్టాం. మా అమ్మ నవ్వలేదు, భయపడలేదు. “మేం చేసేది అదే కదనే” అని పక్కావిడతో అంది. నేను చదివిన ఏ స్త్రీవాద సినిమా విమర్శా ఆ ఒక్క మాటను మించలేదు.

మగ దయ్యాలు మనకూ ఉన్నాయి. ‘చందమామ’లో బేతాళుడు రాజు భుజమ్మీద కూర్చుని కథ చెప్పేవాడు, చిక్కు ప్రశ్న వేసేవాడు, జవాబు రాగానే దర్జాగా చెట్టెక్కేవాడు. శంకర్ గారి బొమ్మ చూడకుండా నా తరంలో ఎవరూ పెరగలేదు. మగ దయ్యానికి తర్కం. ఆడ దయ్యానికి విరబోసిన జుట్టు, తెల్లచీర.

ఇప్పుడు సినిమా హాలు బయటికి వద్దాం. తొంభైల మొదట్లో మల్కాజిగిరి సందుల్లో ఇంటింటి తలుపు మీదా ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో రాశారు. రాత్రిళ్ళు ఒక ఆడ దయ్యం వచ్చి తలుపు కొడుతోందని, ఆ రాత చూసి వెనక్కి పోతుందని. డ్రాక్యులా కథల్లో పిశాచి పిలిస్తే తప్ప గడప దాటదట. ఎంత మర్యాద! మా సందులో కూడా గడప దాటకుండా ఆపింది ఆడదాన్నే. తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడికి ఏ తలుపు మీదా రాత లేదు. వాడి దగ్గర తాళంచెవి ఉంది.

ఆ రోజుల్లోనే మల్లాపూర్‌లో ఉండే మా చిన్నమ్మకు దయ్యం పట్టిందన్నారు. ఏడేళ్ళలో నాలుగు కాన్పులు. నాలుగో కాన్పయ్యాక మనిషి పాలిపోయింది. రాత్రిళ్ళు లేచి వాకిట్లో కూర్చునేది. పిల్లల పలకల దగ్గర బలపాలు దొంగిలించి తినేది, గోడ సున్నం గీక్కుని నాకేది. మాట్లాడితే ఆయాసం. పిలిస్తే పలికేది కాదు. మా చిన్నాయన భూతవైద్యుణ్ణి తెచ్చాడు. జుట్టు విప్పించి, ముగ్గులో కూర్చోబెట్టి, ఇద్దరు మగవాళ్ళు రెక్కలు పట్టుకుంటే ఆ మనిషి వేపమండలతో కొట్టాడు. “ఎవరే నువ్వు, ఎందుకొచ్చినవ్?” అని అడిగాడు. నేను తలుపు సందులోంచి చూశాను. ఏళ్ళ తర్వాత బార్బరా షెల్లీని బల్ల మీద పట్టుకున్న దృశ్యం చూసినప్పుడు అందుకే నాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

మర్నాడు మా అమ్మ గొడవపడి చిన్నమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సు కింది కనురెప్ప లాగి చూసి, “ఈమెలో రక్తమే లేదు కదమ్మా” అంది. హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. పన్నెండుండాలి. బలపాలు తినడం, ఆయాసం, మొద్దుబారడం అన్నీ ఆ ఆరు గ్రాముల్లోంచి వచ్చినవే. రక్తం ఎక్కించారు, ఐరన్ మాత్రలిచ్చారు. దయ్యం వదిలింది.

రక్తపిశాచి కథలో అసలు ప్రశ్న ‘రక్తం ఎటు పోయింది’ అన్నదే కదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. మగవాళ్ళలో 25 శాతం. ఒకే ఇల్లు, ఒకే గంజి. ఈ రక్తం ఏ కోటలోకి పోయింది? వరస కాన్పుల్లోకి, ఆఖర్న తినే అడుగంటిన అన్నంలోకి, నాచారం ఫ్యాక్టరీ నుంచి వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవడంలోకి పోయింది. తెర మీద ఆడదాని పాలిపోయిన మొహం అందం. వాకిట్లో అదే మొహం దయ్యం. ఈ రెండు చూపుల మధ్య చదువుకున్నవాడికీ భూతవైద్యుడికీ పెద్ద దూరం లేదు. ఇద్దరూ ఆమెలోకి ఎవరో ప్రవేశించారనే అనుకున్నారు. మంత్రగత్తె అని ముద్రవేసి ఆడవాళ్ళను చంపడాన్ని ఆపడానికి బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. కథలు కథల దగ్గర ఆగవు.

‘అరుంధతి’ వచ్చింది కదా, అందులో ఆడదే గెలిచింది కదా అంటారు. 2009లో నేనూ చూసి చప్పట్లు కొట్టాను. జేజెమ్మగా అనుష్క నిలబడిన తీరు మన తెర మీద అరుదు. కానీ హాలు బయటికి ఏం వచ్చింది? పశుపతి వచ్చాడు. ఆడవాళ్ళను చెరిచి చంపిన ఆ అఘోరి గొంతే వచ్చింది. ఉప్పల్ బస్టాపులో కాలేజీ అమ్మాయిలు నడుస్తుంటే వెనకనుంచి “బొమ్మాళీ” అని ఆ గొంతుతో పిలవడం నేను నెలల తరబడి విన్నాను. ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూస్తే “సినిమా డైలాగు అక్కా” అని నవ్వారు. ఆడది గెలిచిన సినిమాలో కూడా దొర చావలేదు. బస్టాపులో లేచాడు.

ఈ సినిమాలు చూడొద్దని నేను చెప్పడం లేదు. నిషేధాల మీద నాకు నమ్మకం లేదు. 2024లో ‘నొస్ఫెరాటు’ మళ్ళీ తీశారు, అది కూడా చూశాను. నేననేది ఇంతే. ఆ తలుపు మనది. చీకటిని, కోరికను, బయటి గాలిని కోరుకోవడం లూసీది. దాన్ని ఏ దొరా ఆమెకు దానం చెయ్యలేదు. ఆమె కోరికను అతని ఖాతాలో రాసి, శిక్షను మాత్రం ఆమె గుండెలో దించే కథను విముక్తి అని పిలవకండి. ‘వ్యాంపు’ అనే మాటను సినిమా విమర్శలోంచి తీసెయ్యండి. చెడ్డ ఆడదాని పాత్ర ఉంటే ప్రతినాయిక అనండి, ఆ నటికి పేరుంటుంది, పేరు పెట్టి రాయండి. క్లాసిక్ అని ప్రదర్శన వేస్తే చర్చలో మేకు పడ్డ ఆడవాళ్ళ పేర్లు కూడా చెప్పండి.

మా చిన్నమ్మకు ఇప్పుడు అరవై దాటాయి. పోయిన నెల మల్లాపూర్ వెళ్ళినప్పుడు, ఏం సినిమాలకు పోతున్నవే అంటే డ్రాక్యులా కథంతా చెప్పాను. పప్పులో రాళ్ళు ఏరుతూ విన్నది. చివరికి చెయ్యి ఆపి అడిగింది: “గా దొర చచ్చినంక మళ్ళ మళ్ళ లేస్తడు అంటున్నవ్ గదనే బిడ్డా. మరి గా తలుపు తీసిన పిల్ల ఎందుకు లేవది?”

హబ్సిగూడ మిత్రులకు ఆ ప్రశ్న పంపుతున్నాను. టీలు రాకముందే జవాబు చెప్పండి.